ఎమ్మిగనూరుకు పంపిన ఉత్తరం

ఏప్రిల్ 9

సీటు వచ్చింది. ఇక డబ్బు రావాలి.

హైదరాబాదులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్. నలభై సీట్లు, నా ర్యాంకు పదకొండు. ఫలితం చూసి గదిలో తలుపేసుకొని ఒక్కదాన్నే గంతులేశాను. ఇరవై రెండేళ్ళ మనిషి గంతులేయడం ఎవరైనా చూస్తే బాగుండదని తలుపు వేసుకున్నాను. ఏడాదికి లక్షా ఎనభై వేలు ఫీజు. ఆగస్టు రెండు లోపల కట్టకపోతే సీటు నలభై ఒకటో ర్యాంకు వాడికి ఇచ్చేస్తారు. వాడెవడో తెలియదు గానీ ఇప్పటినుంచే వాడంటే నాకు పడడం లేదు.

నాన్న ఆదోని పత్తి యార్డులో తన దుకాణం నుంచి భోజనానికి వచ్చినప్పుడు చెప్పాను. "మంచిది పాపా," అన్నాడు. అన్నం కలుపుతూ ఆగి, "ఎంతంట?" అని అడిగాడు. చెప్పాను. పళ్ళెంలో మజ్జిగ పోసుకున్నాడు. ఇంకా కూరన్నమే అయిపోలేదు. అమ్మా నేనూ చూశాం, నాన్న మాత్రం చూసుకోలేదు.

ఏప్రిల్ 16

బ్యాంకు మేనేజరు చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు, అంతే మర్యాదగా ఇంటి పత్రాలు తెమ్మన్నాడు. ఇంటికొచ్చి నాన్నను అడిగాను.

"కాగితాలు బ్యాంకులో ఉండాయి."

"ఏ బ్యాంకులో నాన్నా?"

"ఇంగో బ్యాంకులో."

ఆ మాట అంతటితో అయిపోయింది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయమూ మాకు రాదు. ఆదాయం హద్దు దాటింది, కాగితం మీద. నాన్న ప్రతి ఏడూ రాని లాభం కూడా చూపించి పన్ను కడతాడు. తక్కువ చూపిస్తే యార్డులో మన మాటకు విలువ ఉండదట. పన్ను ఎగ్గొట్టి చిక్కుల్లో పడేవాళ్ళ గురించి పేపర్లో చదివాను గానీ, ఎక్కువ కట్టి చిక్కుల్లో పడిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

సాయంత్రం అమ్మ వంటింట్లోకి పిలిచి చేతి గాజులు తీసి నా చేతిలో పెట్టింది. అమ్మి ఫీజు కట్టుకోమంటుందేమో, వద్దు అనాలి, ఎంతసేపు వద్దనాలి అని లోపల లెక్కవేసుకుంటున్నాను. "గోటితో గీకి చూడు," అన్నది. గీకాను. "అసలువి పోయి రెండేండ్లయింది. మీ నాన్న దుకాణానికే. ఎవరితోనూ అనొద్దు." రెండేళ్ళుగా ఈ గాజులతోనే అమ్మ పెళ్ళిళ్ళకు వెళ్ళి చేతులు తిప్పుతూ కబుర్లు చెప్పి వస్తోంది. పాపం అమ్మ.

సీజను బాగాలేదు, అంతే. దసరాకి కొత్త పత్తి దిగితే అన్నీ సర్దుకుంటాయని నాన్న అన్నాడు. నాన్న అంటే అన్నట్టే.

ఏప్రిల్ 21

నాన్నకు క్యారియరు ఇవ్వడానికి దుకాణానికి వెళ్ళాను. కౌతాళం రైతు శేషప్ప ఆఖరి తీత పత్తి తెచ్చాడు. మిల్లువాళ్ళు కొన్నారు, కాటా అయింది, సీమోనన్న లెక్క కట్టాడు. సీమోనన్న మా గుమస్తా. నేను మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చేరాడు, పందొమ్మిదేళ్ళు అయింది. దుకాణంలో ఆయనకు తెలియని కాగితం లేదు. నాన్న అల్మరా తెరిచి డబ్బు తీయబోయాడు.

"నాకెందుకు శావుకారీ, ఇంటికి పోతే ఖర్సయిపోతాది," అన్నాడు శేషప్ప. "నీకాడనే ఉండనీ. పోయినేటిది కూడా ఉండాది కదా, దాంట్లోనే కలుపు. విత్తనాలకప్పుడు వచ్చి తీసుకుంటా."

ఈ ప్రాంతపు రైతులందరూ ఇంతే. అమ్మిన పత్తి డబ్బు కమీషన్ దుకాణంలోనే వదిలి వెళతారు. వడ్డీ అడగరు, పత్రం అడగరు. ఒక చీటీ మీద అంకె వేసి ఇస్తే చొక్కా జేబులో పెట్టుకొని పోతారు. నాన్న అల్మరా మూశాడు. ఆ మూయడంలో కొంచెం తొందర ఉంది. మధ్యాహ్నం ఎండ, ఆకలి, ఎవరికైనా తొందరగానే ఉంటుంది.

ఏప్రిల్ 24

ఎమ్మిగనూరులో పుల్లయ్య శెట్టి అనే పెద్దాయన పోతూ పోతూ ఒక విద్యానిధి పెట్టి పోయాడు. మా కులం పిల్లలకే. పీజీ చదివేవాళ్ళకు రెండేళ్ళ ఫీజూ ఇస్తారు. పేద కుటుంబమై ఉండాలన్నది ఒక్కటే షరతు.

నాన్నతో అంటే ఒప్పుకోడు. రెండేళ్ళ కిందట మా వీధిలో ఒకాయన కొడుకు ఇలాంటి సాయమే తీసుకుంటే, "వాళ్ళ పని అయిపోయినట్టే," అని నాన్నే అన్నాడు. నెల తిరిగేసరికి ఆయన దుకాణం ముందు నిజంగానే జనం చేరారు. అందుకే చెప్పకుండా రాస్తున్నాను. ఎమ్మిగనూరు ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు. అక్కడివాళ్ళకు మా ఇంటి గొడవ ఏం పట్టింది? తండ్రి సంతకం మంజూరయ్యాక పెడితే చాలట. అప్పటి సంగతి అప్పుడు.

కుటుంబ పరిస్థితిని సొంత మాటల్లో ఒక పేజీకి తగ్గకుండా రాయాలి. మొదట రాసింది చదువుకుంటే మేమే విద్యానిధికి చందా ఇస్తున్నట్టుంది. చించేశాను. రెండోసారి అమ్మ గాజులు రాశాను. ఇల్లు రాశాను. అయినా చదువుకుంటే నాకే జాలి వేయలేదు. చివరికి ఇది రాశాను: "మా నాన్నగారిని నమ్మి రైతులు దుకాణంలో దాచుకున్న డబ్బును సైతం తిరిగి ఇవ్వలేని స్థితికి చేరుకున్నాము."

ఇది అబద్ధం. నాన్న ఎంత ఇబ్బందిలో ఉన్నా రైతుల డబ్బు జోలికి పోడు. కానీ ఉత్తరం మొత్తంలో బాగా కుదిరిన వాక్యం ఇదే. కొట్టేయడానికి చేయి రాలేదు.

మే 3

ఎమ్మిగనూరు వెళ్ళి ఇచ్చి వచ్చాను. విద్యానిధి కార్యదర్శి శ్రీధర్ గారికి బట్టల దుకాణం ఉంది, పైన ఆఫీసు. ఉత్తరం అక్కడే విప్పి చదివాడు. చదువుతున్నంతసేపూ నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆ వాక్యం దగ్గర తలెత్తి చూశాడు. పని చేసిందన్నమాట.

"మీ నాన్న నాకు బాగా తెలుసమ్మా," అన్నాడు. "మా కమిటీలో నలుగురు ఆదోని యార్డులో సరుకు కొనేవాళ్ళే. ఇంత దూరం వచ్చిందని మాకు తెలియనే లేదే."

ఉత్తరం వెనక్కి ఇవ్వండి అని అడగాలనిపించింది. "ఇది కమిటీ దాటి బయటికి పోదు కదండీ?" అని మాత్రం అడిగాను.

"ఛఛ. అట్లెట్ల పోతుంది? అందరూ పెద్దమనుషులు."

బస్సులో కూర్చొని లెక్కవేశాను. ఏడుగురు సభ్యులు. ఒక్కొక్కరు బయట అనే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. అంటే ఏ ఒక్కరూ అనకుండా ఉండే అవకాశం సగానికంటే తక్కువ. ఇరవైలో ఒకటి అనుకుంటే పరవాలేదు. ఇరవైలో ఒకటే.

మే 19

శ్రీధర్ గారు ఫోను చేశారు. కమిటీ కూర్చుంది. నా ఉత్తరం పైకి చదివి వినిపించారట. ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడట. ఇంకా తుది నిర్ణయం కాలేదు గానీ నా పేరు ముందుంది.

నా ఉత్తరానికి ఒక మనిషి ఏడ్చాడు! రోజంతా అదే తలచుకున్నాను.

మే 28

దుకాణానికి ముగ్గురు రైతులు వచ్చి డబ్బు తీసుకుపోయారని నాన్న అన్నాడు. విత్తనాల కాలం కదా.

జూన్ 2

నిన్నా ఈ రోజూ కలిపి పదకొండు మంది. విత్తనాల కాలం. వాన ముందే పడేటట్టుంది, అందరూ తొందరపడుతున్నారు.

జూన్ 4

విత్తనాలకు ఎవరైనా మొత్తం తీసుకుపోతారా?

జూన్ 6

ఈ రోజు దుకాణంలోనే ఉన్నాను. సీమోనన్న ఒక్కడే చూసుకోలేకపోతున్నాడు, చీటీలు సరిచూడడానికి నన్ను రమ్మన్నాడు. పది గంటలకే ట్రాక్టరు వేసుకొని కౌతాళం వైపు వాళ్ళు పదిహేను మంది దిగారు. ముందు శేషప్ప.

"ఏమప్పా శేషప్పా, నువ్వు కూడానా," అన్నాడు నాన్న. నవ్వుతూనే అన్నాడు.

"ఏమి సెయ్యాల శావుకారీ. మీ దుకాణం ఎత్తిపోతాదని అంటాండారు."

"ఎవరన్నారు?"

"ఒగరా ఇద్దరా. మా ఊరి మిల్లుకాడ అంటాండారు, ఎమ్మిగనూరు సంతలో అంటాండారు. రైతుల డబ్బు గూడా ఇయ్యలేకపోతాండారని."

"నీకేమన్నా తక్కువ చేసినానా ఇన్నేండ్లు?"

"సెయ్యలేదు. అందుకే నేను ఆఖర్న వచ్చినా," అన్నాడు శేషప్ప. చీటీ జేబులోంచి తీసి నా ముందు పెట్టాడు. చెమటకు తడిసి అంకె కూడా చెరిగిపోయింది. ఎంతో ఆయనే చెప్పాడు, సీమోనన్న తలూపాడు.

నాన్న అల్మరా తెరిచి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, సోమవారం రండి అన్నాడు. ట్రాక్టరు వెళ్ళిపోలేదు. సాయంత్రం దాకా అక్కడే ఉంది.

ఎమ్మిగనూరు సంతలో. ఎమ్మిగనూరు పెద్ద ఊరు, అక్కడ ఎవరైనా ఏదైనా అనుకోవచ్చు.

జూన్ 9

రాయాలి. రాయకుండా పడుకుంటే నిద్ర పట్టదు, రాసినా పట్టదేమో.

సోమవారం కదా, అందరూ వచ్చారు. కౌతాళం, హొళగుంద, ఆస్పరి వైపు వాళ్ళు. దుకాణం మెట్ల మీద చోటు లేదు. నాన్న సీమోనన్నను లోపలి గదిలోకి పిలిచాడు. నేను మంచినీళ్ళ బిందె దగ్గర ఉన్నాను, తలుపు తెరిచే ఉంది.

"యాడ చెప్పినావు?" అన్నాడు నాన్న.

"ఏమిటి శావుకారీ?"

"రైతుల డబ్బు ఇయ్యలేమనే మాట. అచ్చం అదే మాట అంటాండారు బయట. ఆ డబ్బు ఇంటి మీది బ్యాంకు బాకీకి కట్టినానని నీకు నాకు తప్ప ఎవరికి తెలుసు? మా ఇంటిదానికి కూడా తెలియదు. చెప్పు."

"ఏసయ్య తోడు శావుకారీ, నేను యాడా అనలేదు."

"పందొమ్మిదేండ్లు అన్నం పెట్టినానే సీమోనూ."

"నేను గూడా పందొమ్మిదేండ్లు నోరు మూసుకునే ఉంటిని కదా శావుకారీ."

నాన్న చేయెత్తలేదు, అరవలేదు. తాళాల గుత్తి అడిగాడు. సీమోనన్న మొలతాడు నుంచి విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి ఊడి రాలేదు. నేను వెళ్ళి విప్పి ఇచ్చాను. అవును, నేనే ఇచ్చాను. తర్వాత నాన్న మెట్ల మీదికి వచ్చి అందరూ వినేటట్టు చెప్పాడు, ఈ మనిషి ఈ రోజు నుంచి మా దుకాణంలో లేడు, లేనిపోని మాటలు పుట్టించింది ఇతనే అని. సీమోనన్న చెప్పులు వెతుక్కొని అంతమంది మధ్య నుంచి వెళ్ళిపోయాడు.

నాన్న ఆ డబ్బు వాడేశాడు. నేను అబద్ధమనుకొని రాసింది నిజం. ఆ నిజం చెప్పింది నేను.

మంచినీళ్ళు చెంబులో పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను. "నేనే నాన్నా" అనడానికి రెండు మాటలు కావాలి. చెంబు పట్టుకొని నిలబడ్డాను.

జూన్ 10

చెబుతాను. విద్యానిధి చెక్కు వచ్చాక చెబుతాను. ఇప్పుడు చెబితే నాన్న ఆ సాయం తీసుకోనివ్వడు, సీటు పోతుంది, సీమోనన్న పని కూడా ఎలాగూ తిరిగి రాదు. దుకాణమే ఉండేటట్టు లేదు. దుకాణమే లేనప్పుడు గుమస్తా ఎక్కడ? చెక్కు వచ్చాక చెప్పడమే అందరికీ మంచిది.

జూన్ 18

మరియమ్మక్క వచ్చింది. సీమోనన్న భార్య. ఎండలో నడిచి వచ్చి గడప బయటే కూర్చుంది, అమ్మ లోపలికి రమ్మన్నా రాలేదు.

"యార్డులో ఏ దుకాణంలోనూ పెట్టుకోలేదంటమ్మా. నోరు జారే మనిషిని ఎవరు పెట్టుకుంటారు అంటాండారు. మా ఆయప్ప ఇంట్లోనే మాట్లాడడు. నేను పది మాటలంటే ఒగ మాట. ఆ మనిషి దుకాణం మాట బయటంటాడా, నువ్వే సెప్పు కృష్ణకుమారమ్మా."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు మరియమ్మక్క నా వైపు తిరిగింది.

"పాపా, నువ్వు సదువుకున్నేదానివి. నీ మాట వింటాడు మీ నాయన. ఒగసారి సెప్పి సూడు."

"చెబుతానక్కా," అన్నాను.

లోపలికి వచ్చి బట్టలు మడత పెట్టాను. మడత పెట్టినవే మళ్ళీ విప్పి పెట్టాను. నన్ను నేను కొట్టుకుందామనిపించింది గానీ కొట్టుకుంటే నొప్పి పుడుతుంది కదా, నా ధైర్యం అంతే.

జూన్ 27

యార్డు పెద్దమనుషులు కూర్చొని తీర్మానం చేశారు. ఇల్లు అమ్మాలి, బ్యాంకుది పోగా మిగిలింది రైతులు పంచుకోవాలి. రూపాయికి పావలా కూడా రాదంటున్నారు. శేషప్ప పత్తి వేయలేదట ఈ ఏడు. పొలం కౌలుకు ఇచ్చాడట.

నాన్న మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొని రోజూ తొమ్మిదికి యార్డుకు వెళుతున్నాడు. దుకాణానికి తాళం. ఎదురుగా టీ హోటల్లో కూర్చొని భోజనం వేళకు ఇంటికి వస్తాడు.

జూలై 1

ఏమీ లేదు.

జూలై 8

మంజూరయింది!

శ్రీధర్ గారే ఫోను చేశారు. రెండేళ్ళ ఫీజూ. నాన్నను తీసుకొని వచ్చి సంతకం పెట్టించాలి. నేను థాంక్స్ చెప్పి పెట్టేయబోతుంటే ఆయన గొంతు తగ్గించాడు.

"ఇంకొక మాటమ్మా. ఆ ఉత్తరం సంగతి ఎక్కడా రాకూడదు. కమిటీలో చదివింది బయటికి పోయిందని తెలిస్తే నిధికి చెడ్డపేరు. ఈ ఏడు ఎవరికీ ఏమీ ఇవ్వకుండా అందరివీ ఆపేస్తారు. చెక్కు ఇచ్చాక కూడా ఆపించడం ఒక్క ఫోను పని. నీకు అర్థమయింది కదా?"

అర్థమయింది. ఆయనకూ తెలుసు. బహుశా ఆ ఏడుగురికీ తెలుసు. కళ్ళు తుడుచుకున్న పెద్దాయన మరుసటి రోజు యార్డులో ఎవరితో ఏమన్నాడో కూడా తెలిసే ఉంటుంది. తెలియనిది సీమోనన్నకే.

నాన్నతో చెప్పాను, ఎమ్మిగనూరులో సాయం ఇస్తున్నారు, సంతకం కావాలి అని. కోప్పడతాడనుకున్నాను. "ఇస్తే తీసుకో. ఇప్పుడు మనం పేదోళ్ళమే కదా," అన్నాడు.

జూలై 19

సంతకం అయింది.

సంతకం ఫైలులో నా ఉత్తరం కిందే పెట్టాలట. ఈ సంగతి ముందు తెలిస్తే ఏదో ఒకటి చేసేదాన్ని. శ్రీధర్ గారు పెన్ను మూత తీసి ఇచ్చి, "ఇక్కడ పెట్టండన్నా," అని తొందరపెట్టాడు. నాన్న జన్మలో చదవకుండా సంతకం పెట్టలేదు. జేబులోంచి కళ్ళద్దాలు తీసుకున్నాడు. తుడుచుకున్నాడు. పై నుంచి చదవడం మొదలుపెట్టాడు.

గాజుల దగ్గర కొంచెం ఆగాడు. రైతుల డబ్బు వాక్యం దగ్గరికొచ్చేసరికి ఇంకా ఎక్కువసేపు ఆగాడు. తర్వాత పేజీ కిందికి వేలు జరిపి, తేదీ దగ్గర ఆపాడు. ఏప్రిల్ 24. శ్రీధర్ గారు కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. నాన్న పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా, నిదానంగా సంతకం పెట్టాడు.

బస్టాండులో నాకు చెరుకురసం ఇప్పించాడు. తను తాగలేదు.

"ఆ మాట నీకెట్ల తెలిసింది పాపా?"

"తెలియదు నాన్నా. ఊరికే రాశాను."

"ఊరికే రాసినావా," అన్నాడు. నవ్వాడు. నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కూర్చున్నాడు, పక్కనున్నవాళ్ళు చూస్తుంటే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బస్సు ఆదోని దగ్గరికి వచ్చింది. దిగేముందు అన్నాడు. "సీమోనుకు తెలియాల్సిన పని లేదు. ఇంగ ఎవరికీ తెలియాల్సిన పని లేదు. నువ్వు బాగా చదువుకో. వానికి నేను ఏదో ఒకటి చేస్తా."

"ఏం చేస్తావు నాన్నా?"

"ఏదో ఒకటి."

నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. నలభై రోజులుగా మోస్తున్నది నాన్న చేతిలో పెట్టేసినట్టయింది. ఇక చెప్పడం చెప్పకపోవడం నాన్న ఇష్టం. నేను ఆయన మాట వినే కూతుర్ని.

జూలై 23

నాన్న ఏమీ చేయలేదు. ఏం చేయగలడు?

జూలై 29

చెక్కు తీసుకోవడానికి ఒక్కదాన్నే వెళ్ళాను. కాలేజీ పేరు మీద రాసి ఇచ్చారు. సంచిలో పుస్తకం మధ్యలో పెట్టుకొని బస్టాండుకు నడుస్తున్నాను. వేరుశెనగ మిల్లు ముందు, షెడ్డు నీడలో కూర్చొని సీమోనన్న గోనెసంచులు కుడుతున్నాడు. ఆయన ఎమ్మిగనూరులో పనికి చేరాడని అమ్మ అన్నది గానీ ఈ రోడ్డు మీదే అని తెలియదు. చూడనట్టు పోవచ్చు. పది అడుగులు పోయాను కూడా. చెక్కు వచ్చాక చెబుతానని రాసుకున్నాను కదా. వెనక్కి వచ్చాను.

"నాయన ఎట్లుండాడు పాపా?" అన్నాడు నన్ను చూడగానే. "కాళ్ళ వాపు తగ్గిందా?"

నిలబడే చెప్పేశాను. ఉత్తరం, కమిటీ, ఆ వాక్యం, అన్నీ. గోనెలు కుట్టే పెద్ద సూది చేతిలో అలాగే ఉంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు, నాతో కాదు, సంచితో చెబుతున్నట్టు.

"ఆ మాట జారింది నేనే అనుకుంటిని. ఉగాది ముందర కౌతాళం బస్సులో ఒగాయప్ప కలిసినాడు. దుకాణం ఎట్లుందప్పా అనె. ఏముందిలే అప్పా అంటిని. అంతే అంటిని. ఆ మాటే పాకి పాకి ఇంత అయిందేమో అనుకుంటిని. శావుకారి అంత గట్టిగా అంటాంటే, ఇంత తెలివిగలాయన తప్పంటాడా, నేనే యాడో జారింటా అనుకుంటిని. మరియమ్మ నన్ను నమ్మి మీ ఇంటికాడికి గూడా వచ్చె. అది తిరిగొచ్చినాక నేనే ఒప్పుకుంటిని, తప్పు నాదేనే అని. అప్పట్నుంచి అది నాకు అన్నం పెడతాది గానీ మాట్లాడదు."

"అన్నా..."

"నీకెన్నాళ్ళాయ తెలిసి?"

"మీరు తాళాలు ఇచ్చిన రోజు నుంచి."

"యాభై దినాలు," అన్నాడు. లెక్క ఆయనకు ఎప్పుడూ తప్పదు. అప్పుడు లేచాడు. ఆయన కోపం నేనెప్పుడూ చూడలేదు, కోపం వస్తే ఆయన గొంతు ఇంకా చిన్నదవుతుందని తెలియదు. "రేపు పది గంటలకు యార్డుకు రా పాపా. వ్యాపారులు సరుకుకు టెండర్లు పెట్టే వేళకు అందరూ ఉంటారు. నలుగురిలో ఒగసారి సెప్పు, సీమోను అనలేదు అని. డబ్బొద్దు, పనొద్దు. మరియమ్మను గూడా పిల్చుకొస్తా. అది వినల్ల."

"వస్తాను."

"వస్తావా?"

"తప్పకుండా వస్తానన్నా."

కూర్చొని మళ్ళీ సంచి తీసుకున్నాడు. నేను బస్సెక్కేదాకా ఆయన తల ఎత్తలేదు.

వెళతాను. ఎంతసేపు పని, రెండు మాటలు. శ్రీధర్ గారు చెక్కు ఆపిస్తే ఆపించనీ. నలభై ఒకటో ర్యాంకు వాడు చదువుకోనీ.

జూలై 30

హైదరాబాదు బస్సులో కర్నూలు దాటాము. పది అయింది.

ఆగస్టు 1

చెక్కు పాసయింది. రసీదు ఇచ్చారు, గుర్తింపు కార్డుకు ఫోటో తీశారు. హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికింది. పక్క మంచం అమ్మాయి ఫీజుకు వాళ్ళ నాన్న పొలం అమ్మాడట. మీరెలా కట్టారని అడిగింది. స్కాలర్‌షిప్ అన్నాను. "అంటే మెరిటా?" అంటే అవునన్నాను.

చదువు అయ్యాక మంచి ఉద్యోగం వస్తుంది. అప్పుడు సీమోనన్నకు నెలనెలా పంపుతాను. మరియమ్మక్కకు కూడా నేనే ఉత్తరం రాస్తాను, వివరంగా. దసరాకి ఊరెళ్ళినప్పుడైతే ఇంకా బాగుంటుంది, ముఖాముఖి.

సాయంత్రం అమ్మ ఫోను చేసింది. తిన్నావా, నీళ్ళు పడ్డాయా, అన్నీ అయ్యాక చెప్పింది.

"సీమోను మొన్న యార్డుకు వచ్చినాడంట. ఇస్త్రీ చొక్కా వేసుకొని, మరియమ్మను కూడా పిల్చుకొని. టెండర్లు అయిపోయేదాకా ఎండలో నిలబడినారంట ఇద్దరూ. ఎవరికోసమని అడిగితే చెప్పలేదంట. మీ నాన్న హోటల్లో నుంచి చూసి ఇంటికొచ్చి పడుకున్నాడు, అన్నం కూడా తినలేదు."

"మొన్ననేనా?"

"నిన్న కూడా వచ్చినాడంట. ఈ రోజు కూడా. మరియమ్మ రాలేదంట, ఒక్కడే వచ్చినాడంట. పని పోగొట్టుకొని ఆడ నిలబడేది ఏమిటికో." అమ్మ పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది. "ఎవరికోసమో నీకేమన్నా తెలుసా శరణ్యా?"

"నాకేం తెలుస్తుందమ్మా," అన్నాను.